గిటారు మోత వెనక జాడ తీయడం: ఒక బ్యాండు నుంచి ఇంకో బ్యాండుకు ఏం వెళ్లిందో తేల్చుకునే పద్ధతి

నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారిది ఒంగోలు పక్కనున్న కరవది. 1924లో పుట్టారు. చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తమిళ దేశం వెళ్లి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర తంజావూరు బాణీ పట్టుకుని, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన వాదనలో తంజావూరు బాణీ ఉందని మా వైపు పెద్దలు అంటే ఎవరూ వాదనకు దిగరు. ఎందుకంటే ఆ మాట చెవికి అనిపించిన పోలిక మీదే నిలబడలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసు, ఏ దారిన వెళ్లారో తెలుసు, ముందున్న వాదనకూ తర్వాతి వాదనకూ తేడా ఏమిటో తెలిసినవాళ్లు చెప్పగలరు.

రాక్ సంగీతం దగ్గరికి వచ్చేసరికి మనం ఈ ఓపిక చూపించం. రెండు పాటలు ఒకేలా వినిపిస్తే చాలు, ‘కాపీ’ అనేస్తాం. ఒంగోలు లాయర్‌పేటలో ఒక మేడగదిలో ఆదివారాలు గిటారు నేర్పుతుంటాను. పోయిన వేసవిలో అక్కడ ఇద్దరు పిల్లలు 1960ల నాటి రెండు బ్యాండ్ల గురించి, ఇంగ్లండు బీటిల్స్, అమెరికా బర్డ్స్ గురించి, గట్టిగా పోట్లాడుకున్నారు. సింగరాయకొండ కుర్రాడు, “బర్డ్స్ వాళ్లు బీటిల్స్ సినిమా చూసి ఆ గిటారు కొన్నారు. మొత్తం వాళ్ల మోతే” అన్నాడు. కావలి నుంచి వచ్చే అమ్మాయి, “బీటిల్స్ పాటలోనే బర్డ్స్ రిఫ్ ఉంది, కావాలంటే విను” అని ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరస. ఇద్దరిదీ నిజమే. ఎందుకు నిజమో చూపించడానికి ఆ రోజు మొదలుపెట్టిన పని ఈ మార్గదర్శి అయింది. కావలసినవి ఒక నోట్‌బుక్, వైరున్న మంచి హెడ్‌ఫోన్, ఒక గిటారు, ఒక కంప్యూటరు.

నోట్‌బుక్‌లో పేజీని నాలుగు గళ్లుగా గీయండి. మొదటి గడి పేరు ‘వినిపించింది’, రెండోది ‘చేతికి దొరికింది’, మూడోది ‘తారీఖు’, నాలుగోది ‘దారి’. చివరిదాకా ఈ నాలుగు గళ్లలోనే పని చేస్తాం.

1. ముందు మీ అనుమానాన్ని ఒక్క వాక్యంగా రాయండి

“బర్డ్స్ మీద బీటిల్స్ ప్రభావం ఉంది” అనే వాక్యంతో ఏ పనీ జరగదు. దాన్ని తప్పని నిరూపించలేం, ఒప్పని నిరూపించలేం. వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: గిటారులో ఏ గుణం, ఏ పాట నుంచి, ఏ పాటలోకి, ఏ దారిన. మా పిల్లలతో రాయించిన వాక్యాలు రెండు.

మొదటిది: “1964 నాటి ‘ఎ హార్డ్ డేస్ నైట్’లో బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ వాయించిన రికెన్‌బ్యాకర్ 12 తీగల ఎలక్ట్రిక్ గిటారు మోత, ఆ సినిమా చూసిన బర్డ్స్ గిటారిస్టు జిమ్ మెగ్విన్ ద్వారా 1965 నాటి బర్డ్స్ ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’లోకి వచ్చింది.”

రెండోది: “బర్డ్స్ ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’లోని రిఫ్, హారిసన్ ద్వారా బీటిల్స్ ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’లోకి వెళ్లింది.”

ఈ మెగ్విన్ 1967లో తన పేరు రోజర్ అని మార్చుకున్నాడు. పాత రికార్డు మీద జిమ్ అనీ, తర్వాతి ఇంటర్వ్యూల్లో రోజర్ అనీ కనిపిస్తే ఇద్దరు మనుషులనుకోకండి.

వాక్యం ఇలా కుదిరాక సగం గొడవ అక్కడే చల్లారుతుంది. మొదటి వాక్యం గిటారు మోత గురించి, రెండోది రిఫ్ గురించి. వీళ్లిద్దరూ పోట్లాడుకున్నది రెండు వేరువేరు వస్తువుల మీద.

2. ఏ రికార్డింగు వింటున్నారో తేల్చుకోండి

ఫోన్ స్పీకర్లో వింటే గిటారు కింది స్వరాలు దాదాపు పోతాయి, మెరుపు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మెరిసే గిటార్లన్నీ అన్నదమ్ముల్లా అనిపిస్తాయి. హెడ్‌ఫోన్ తప్పదు.

అంతకంటే ముఖ్యమైనది వెర్షను. లైవ్ కచేరీ రికార్డింగునూ, ఇరవై ఏళ్ల తర్వాత అదే బ్యాండు మళ్లీ పాడినదాన్నీ పక్కన పెట్టండి. ఆ ఏడాది విడుదలైన రికార్డింగే కావాలి. అదే పాటకు కూడా మోనో మిక్స్ ఒకటి, స్టీరియో మిక్స్ ఒకటి ఉంటాయి. బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ ఆల్బమ్‌ను 1987లో సీడీగా తెచ్చినప్పుడు నిర్మాత జార్జ్ మార్టిన్ స్టీరియో మిక్స్‌ను మళ్లీ చేశాడు. అంటే ఇవాళ చాలామంది వింటున్న స్టీరియో 1965 నాటి కుర్రాళ్లు విన్నది కాదు. మోతను పోలుస్తున్నాం కాబట్టి ఈ తేడా లెక్కలోకి వస్తుంది.

ఆ కాలపు స్టీరియోలో మనకు ఒక సుళువు కూడా ఉంది. చాలా పాటల్లో గొంతులు ఒక పక్క, వాద్యాలు ఇంకో పక్క ఉంటాయి. ఒక ఇయర్‌ఫోన్ తీసేస్తే గిటారు దాదాపు ఒంటరిగా దొరుకుతుంది. నేను పిల్లలకు ముందు చేయించేది ఇదే. ఎన్నో ఏళ్లుగా విన్న పాటలో గొంతులు మాయమై గిటారు ఒక్కటే వినిపించిన క్షణాన వాళ్ల ముఖాలు చూడాలి.

3. మోతను పొరలుగా విడదీసి వినండి

మార్గదర్శి మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. గిటారు మోత అని మనం ఒక్క మాటలో అనేదానిలో కనీసం ఐదు పొరలుంటాయి: చెయ్యి, తీగలు, గిటారు, ఆంప్ (గిటారు మోతను పెంచే పెట్టె) లేదా పెడల్ (కాలితో నొక్కి మోతను మార్చే పెట్టె), స్టూడియో. ఒక బ్యాండు ఇంకో బ్యాండు నుంచి ఈ ఐదూ తీసుకోవడం చాలా అరుదు. ఏ పొర వెళ్లిందో చెప్పగలిగితే మీ మాటకు బరువు వస్తుంది. ఒక్కో పొర కోసం పాటను మళ్లీ మొదటి నుంచి వినండి. ఐదు పొరలకు ఐదుసార్లు.

తీగల నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే మన ఉదాహరణకు ప్రాణం అక్కడే ఉంది. 12 తీగల గిటారులో తీగలు ఆరు జతలు. శ్రుతిలో కింది నాలుగు జతల్లో ఒక్కోదానికి మామూలు తీగ ఒకటి, దానికి పై స్థాయిలో సన్న తీగ ఒకటి. పై రెండు జతల్లో రెండు తీగలూ ఒకే శ్రుతి. తంబురా విన్నవాళ్లకు దీని రహస్యం వెంటనే అర్థమవుతుంది. తంబురాలో మధ్య రెండు తీగలూ ఒకే షడ్జానికి కడతారు, చివరిది కింది షడ్జానికి. ఎంత శ్రద్ధగా శ్రుతి చేసినా రెండు తీగలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండవు. ఒకటి సెకనుకు 247 సార్లు కంపించి, పక్కది 248 సార్లు కంపిస్తే, సెకనుకు ఒకసారి మోత ఉబ్బి తగ్గుతుంది. ఆ అల వల్లే 12 తీగల గిటారు మెరుస్తున్నట్టు, గలగలమంటున్నట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. మూడో జతలోని మామూలు జి తీగ 196 హెర్ట్జ్, అంటే సెకనుకు 196 కంపనాలు. దాని జోడు 392 హెర్ట్జ్. మామూలు గిటారులో అన్నిటికంటే హెచ్చు శ్రుతి ఉన్న మొదటి ఇ తీగ సుమారు 330 హెర్ట్జే. అంటే 12 తీగల గిటారులో అన్నిటికంటే హెచ్చు శ్రుతి తీగ, మామూలు గిటారులో లేని ఈ జి జోడు. కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మధ్యలోంచి అనుకోని చోట ఒక గంట మోగినట్టు అనిపిస్తే అది ఈ తీగే. ‘గంటల మోత’ అని నోట్‌బుక్‌లో రాయకుండా, ‘మూడో జత పై జోడు వినిపిస్తోంది’ అని రాయండి.

గిటారు పొరలో చూడాల్సింది: మామూలు 12 తీగల గిటార్లలో చెయ్యి పైనుంచి కిందికి కొట్టినప్పుడు ముందు సన్న తీగ తగులుతుంది, తర్వాత లావుది. రికెన్‌బ్యాకర్‌లో ఆ వరుస తిరగేసి ఉంటుంది. ముందు లావు తీగ, తర్వాత సన్నది. అందుకే దాని మోతలో ఆధార స్వరం ముందు నిలబడి, మెరుపు దాని వెనక వస్తుంది. రెండు పాటల్లోనూ ఇది వినిపిస్తే, అదే తరహా గిటారని చెప్పడానికి గట్టి గుర్తు దొరికినట్టే.

చెయ్యి పొర దగ్గర బీటిల్స్, బర్డ్స్ విడిపోతారు. హారిసన్ ఒక్క పిక్‌తో (తీగలు మీటే చిన్న పలకతో) వాయించేవాడు. మెగ్విన్ షికాగోలోని ఓల్డ్ టౌన్ జానపద సంగీత పాఠశాలలో బాంజో నేర్చుకున్నవాడు. బొటనవేలు, చూపుడువేలి మధ్య పిక్ పట్టుకుని, పక్క రెండు వేళ్లకు లోహపు ఫింగర్‌పిక్‌లు తొడుక్కుంటాడు. అందువల్ల స్వరాలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా దొర్లుతూ పోతాయి. హారిసన్ 12 తీగల మీద ఎక్కువగా వాయించింది కార్డులు, చిన్న చిన్న పదబంధాలు. మెగ్విన్ వాయించింది పారే నీళ్లు.

స్టూడియో పొర అందరూ మరిచిపోయేది. ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ను 1965 జనవరి 20న హాలీవుడ్‌లోని కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. అక్కడ గిటారుకు గట్టిగా కంప్రెషన్ పెట్టారు. కంప్రెసర్ పని ఇదీ: పెద్ద మోతను అణిచి, మొత్తాన్ని పైకి లేపుతుంది. అందువల్ల మీటిన స్వరం త్వరగా చచ్చిపోదు, సాగుతుంది. ఎలక్ట్రిక్ 12 తీగల గిటారులో స్వరం సహజంగా తొందరగా ఆగిపోతుంది. బర్డ్స్ పాటలో అది నిలబడి మోగుతోందంటే కారణం ఈ పెట్టె. ఇది బీటిల్స్ నుంచి వచ్చింది కాదు.

బీటిల్స్ వైపూ ఇలాంటి సంగతి ఉంది. ‘ఎ హార్డ్ డేస్ నైట్’ మధ్యలో గిటారు, పియానో కలిసి పరిగెత్తే సోలోను టేపు సగం వేగంలో తిప్పుతూ రికార్డు చేసి, తర్వాత మామూలు వేగంలో వినిపించారు. స్వరం ఒక స్థాయి పైకి వెళ్లింది, మోత బిగుసుకుంది. అది తెలియకుండా ఆ సోలో మోత కోసం గిటారు కొనడానికి తిరిగితే ఏ కొట్లోనూ దొరకదు.

మరో ప్రశ్న కూడా ఈ అడుగులోనే వేసుకోండి: వాయించింది నిజంగా ఆ బ్యాండువాళ్లేనా? ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ రికార్డింగులో బర్డ్స్ సభ్యుల్లో వాద్యం వాయించింది మెగ్విన్ ఒక్కడే. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ లారీ నెక్టెల్. వీళ్లు స్టూడియోలో కిరాయికి వాయించే నిపుణులు. అందువల్ల ఆ పాటలో 12 తీగల గిటారు గురించి మీరు బర్డ్స్ అని ధైర్యంగా అనొచ్చు. డ్రమ్స్ గురించి అనకూడదు.

4. మీ చేత్తో వాయించి చూడండి

చెవికి ఒకటే అనిపించినవి చేతికి వేరుగా తేలుతాయి. అందుకే రెండో గడి.

కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. పాటలో పది సెకన్ల ముక్క కత్తిరించి, ‘ఛేంజ్ టెంపో’తో వేగం సగానికి తగ్గించండి. శ్రుతి మారదు. ‘ఛేంజ్ స్పీడ్’ అనేది వేరే. అది శ్రుతిని కూడా దించుతుంది. పైన చెప్పిన సగం వేగం కిటుకును మీ ఇంట్లోనే విని చూడాలంటే మాత్రం అదే వాడండి.

‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ కోసం ఏడో ఫ్రెట్ (మెట్టు) మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు, పెట్టి డి కార్డ్ ఆకారం పట్టుకోండి. వినిపించేది ఎ కార్డ్. కాపో తీసేసి అదే డి ఆకారంతో ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’ వాయించండి. డి ఆకారం వదలకుండా పై తీగల మీద వేళ్లు ఎత్తుతూ, దించుతూ పుట్టించే రిఫ్ రెండింటిలోనూ మీ చేతికి తగులుతుంది. వేలి కదలిక ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, శ్రుతి వేరైనా బంధుత్వం ఉందని అనుమానించడానికి కారణం దొరికింది.

అనుమానం అన్నాను, రుజువు అనలేదు. ఈ పాట గురించి హారిసన్ తానే తర్వాత, డి కార్డ్ చుట్టూ అల్లిన లక్షల పాటల్లాంటిదే ఇదీ, వేలు అటూ ఇటూ కదిపితే చిన్న చిన్న వరసలు వస్తాయి అని చెప్పాడు. గిటారు నేర్చుకునే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ మొదటి నెలలోనే ఆ వరసల మీద పడతారు. మా గదిలోనూ పడ్డారు, ఎవరూ బర్డ్స్‌ని వినకముందే. చేతికి సులువుగా దొరికే వరస ఇద్దరికి విడివిడిగా దొరకొచ్చు. కాబట్టి రెండో గడిలో రాసేటప్పుడు పక్కనే ‘సులువు’ అనో ‘అరుదు’ అనో రాయండి. అరుదైన వేలి కదలిక రెండు చోట్లా కనిపిస్తే దానికి ఎక్కువ విలువ.

12 తీగల గిటారు లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. మాకూ మొదట్లో లేదు. 12 తీగల సెట్ ఒకటి కొనండి. ఒంగోలులో దొరక్కపోతే చెన్నై నుంచి తెప్పించుకోవచ్చు. అందులోని సన్న జోడు తీగల్ని ఒక పాత గిటారుకు ఎక్కించండి. అప్పుడు దాని కింది నాలుగు తీగలు మామూలుకంటే ఒక స్థాయి పైన మోగుతాయి. దీన్ని నాష్‌విల్ ట్యూనింగ్ అంటారు. ఒకరు మామూలు గిటారు, ఇంకొకరు ఈ గిటారు పట్టుకుని ఒకే రిఫ్ కలిపి వాయిస్తే 12 తీగల మోత గదిలో నిండుతుంది. ఇద్దరూ కొంచెం అటూ ఇటూ అయినా ఆ తేడాలోనే మెరుపు పుడుతుంది. జి జోడును ఎక్కించేటప్పుడు మాత్రం జాగ్రత్త. నేను ట్యూనరు చూడకుండా అంచనా మీద తిప్పుతూ పోతే తెగి చేతి మీద కొట్టింది. ట్యూనరు పెట్టుకుని, కొంచెం తిప్పి ఆగి, మళ్లీ తిప్పండి. ముఖం దూరంగా ఉంచండి.

5. స్పెక్ట్రోగ్రామ్‌ను సాక్షిగా పిలవండి, జడ్జిగా కాదు

ఆడాసిటీలోనే ట్రాక్ మెనూలో స్పెక్ట్రోగ్రామ్ చూపు ఉంది. ఇంకొంచెం వివరంగా కావాలంటే సోనిక్ విజువలైజర్ కూడా ఉచితమే. ఏ స్వరాలు మోగుతున్నాయో, ఎంతసేపు నిలుస్తున్నాయో గీతలుగా కనిపిస్తాయి. విండో సైజు (ఒక్కసారి లెక్కకు తీసుకునే ముక్క పొడవు) 4096 పెడితే, మామూలు సీడీ నాణ్యత రికార్డింగులో ఒక్కో మెట్టు సుమారు 10.8 హెర్ట్జ్. గిటారు కింది ఇ సుమారు 82 హెర్ట్జ్, దాని పక్క ఎఫ్ సుమారు 87. అంటే ఆ అమరికలో కింది స్వరాలు కలిసిపోతాయి. 16384 పెడితే విడిపోతాయి, కానీ ఎప్పుడు మీటారనేది మసకబారుతుంది. రెండు అమరికలూ పెట్టి చూడండి.

‘ఎ హార్డ్ డేస్ నైట్’ మొదటి కార్డ్ గురించి దశాబ్దాల పాటు వాదన నడిచింది. కెనడా గణిత ఆచార్యుడు జేసన్ బ్రౌన్ ఫూరియే పద్ధతిలో ఆ మోతను విడదీసి, అందులో పియానో కూడా కలిసి ఉందని వాదించాడు. తన 12 తీగల మీద వాయించింది ఎఫ్ కార్డ్, పైన జి అని హారిసన్ స్వయంగా చెప్పాడు. అంటే ఒక్క గిటారుతో ఆ కార్డ్ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. గిటారు మోత అని మనం అనుకునేదాంట్లో గిటారు కానిదేముందో చూపించడానికి ఈ గీతలు బాగా పనికొస్తాయి. బర్డ్స్ పాటలో స్వరాల గీతలు ఎంతదూరం చెక్కుచెదరకుండా సాగుతున్నాయో చూస్తే కంప్రెషన్ కూడా కంటికి కనిపిస్తుంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారనేది మాత్రం ఏ గీతా చెప్పదు.

6. తారీఖులు: రికార్డు చేసిన రోజు వేరు, విడుదలైన రోజు వేరు

మూడో గడిలో ప్రతి పాటకూ రెండు తారీఖులు రాయాలి. నియమం ఒక్కటే: మొదటి పాట జనం చెవిన పడిన రోజు, రెండో పాట రికార్డు చేసిన రోజుకంటే ముందుండాలి. విడుదల తారీఖును విడుదల తారీఖుతో పోలిస్తే చాలాసార్లు బోల్తా పడతాం.

మన ఉదాహరణలో వరస ఇలా ఉంది. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ న్యూయార్క్ వచ్చినప్పుడు రికెన్‌బ్యాకర్ కంపెనీ హారిసన్‌కు 360/12 గిటారు ఇచ్చింది. ఆ రకంలో తయారైన రెండో గిటారు అది. ఆ నెల 25న ‘యూ కాంట్ డూ దట్’ రికార్డింగులో దాన్ని వాడాడు. ఏప్రిల్ 16న ‘ఎ హార్డ్ డేస్ నైట్’ రికార్డు చేశారు. అదే పేరుతో సినిమా ఆ వేసవిలో వచ్చింది. 1965 జనవరి 20న బర్డ్స్ ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ రికార్డు చేసి, ఏప్రిల్‌లో విడుదల చేశారు. జూన్‌లో వచ్చిన అదే పేరు ఆల్బమ్‌లో ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’ ఉంది. ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ను బీటిల్స్ అక్టోబరులో రికార్డు చేశారు, డిసెంబరు 3న ‘రబ్బర్ సోల్’లో విడుదలైంది.

ఈ వరసను గోడ మీద సుద్దతో రాయించాను. రాయడం అయిపోగానే సింగరాయకొండ కుర్రాడు వెనక్కి తిరిగి, “సార్, మోత అటు వెళ్లి రిఫ్ అయి తిరిగొచ్చింది” అన్నాడు. పద్దెనిమిది నెలల్లో, సముద్రం దాటి, ఒక రౌండు.

7. దారి: విన్నారని ఎలా తెలుసు?

తారీఖులు కుదిరితే వీలుందని అర్థం. జరిగిందని కాదు. నాలుగో గడి నిండాలంటే రెండోవాళ్లు మొదటివాళ్లను విన్నారని చెప్పే సంగతి కావాలి.

మొదటి వాక్యానికి మెగ్విన్ మాటే సాక్ష్యం. సినిమాకు ముందు నుంచే అతను మామూలు 12 తీగల గిటారు మీద బీటిల్స్ పాటలు క్లబ్బుల్లో పాడుతున్నాడు. సినిమాలో హారిసన్ చేతిలో గిటారు చూశాడు. రికెన్‌బ్యాకర్ తలభాగంలో తీగలు బిగించే ఆరు చెవులు పక్కకి, ఆరు వెనక్కి ఉంటాయి. ఎదుటి నుంచి చూస్తే ఆరు తీగల గిటారే అనిపిస్తుంది. హారిసన్ పక్కకి తిరిగినప్పుడు వెనకవి కనబడ్డాయి. మెగ్విన్ తర్వాత అలాంటిదే కొనుక్కున్నాడు. ఇంత చిన్న వివరం గుర్తుంచుకుని చెప్పేవాడి మాటకు నేను విలువిస్తాను.

రెండో వాక్యానికి ఇంకా మంచి సాక్ష్యం ఉంది. బీటిల్స్ దగ్గర పనిచేసి తర్వాత బర్డ్స్ ప్రచారం చూసిన డెరెక్ టేలర్ ద్వారా హారిసన్ మెగ్విన్‌కు కబురు పంపాడు, ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’కు మూలం ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’ అని. మాటల్ని తూచేటప్పుడు రెండు చూడండి. మాట ఎప్పుడు చెప్పారు? ముప్పై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం కంటే ఆ రోజుల్లోని మాట గట్టిది. చెప్పినందువల్ల వాళ్లకేం వచ్చింది? అప్పుడు ప్రపంచంలోనే పెద్ద బ్యాండులోని మనిషి, తన పాటకు కొత్తవాళ్ల పాట మూలమని తానే కబురు పెట్టడంలో అతనికి లాభమేమీ లేదు. అందుకే ఆ మాట నిలుస్తుంది. పైన డి కార్డ్ గురించి అతను చెప్పినదానికీ దీనికీ పేచీ లేదు. వరస సులువైనదే, దాన్ని అతనికి గుర్తుచేసింది మాత్రం బర్డ్స్.

పోలిక కంటే ఒప్పుకోలు ముందు నడిచిన సందర్భాలూ ఉన్నాయి. నిర్వాణ బ్యాండు కర్ట్ కొబేన్ 1994 జనవరిలో అచ్చయిన ఇంటర్వ్యూలో, ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ చేసేటప్పుడు తాను పిక్సీస్ అనే బ్యాండును అనుకరించాలని చూశానని సూటిగా చెప్పాడు. అక్కడ తీసుకున్నది గిటారు కాదు, అదుపులో ఉన్న చరణం మీద ఒక్కసారిగా విరుచుకుపడే పల్లవి. మోత వెనక ఉన్న కట్టడం.

8. మూడో మనిషి కోసం వెతకండి

ఇద్దరు ఒకేలా ఉంటే ఒకరి నుంచి ఒకరికి వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ ఒకే చోటు నుంచి వచ్చి ఉండొచ్చు. ఈ అడుగు వదిలేసినవాళ్లే ఎక్కువగా తప్పులో కాలేస్తారు.

లివర్‌పూల్ బ్యాండు సెర్చర్స్ పాట ‘నీడిల్స్ అండ్ పిన్స్’ 1964 జనవరిలో వచ్చింది. వింటే 12 తీగల గిటారే అనుకుంటాం. అవి కలిపి వాయించిన రెండు ఆరు తీగల గిటార్లు. హారిసన్ చేతికి రికెన్‌బ్యాకర్ రాకముందే ఆ మెరుపు ఇంగ్లండు గాలిలో ఉందన్నమాట. బర్డ్స్ మొదటి ఆల్బమ్‌లోని ‘ఐల్ ఫీల్ ఎ హోల్ లాట్ బెటర్’ వినండి, ‘నీడిల్స్ అండ్ పిన్స్’ రిఫ్ ఛాయ దాచినా దాగదు. కాబట్టి బర్డ్స్ ఆల్బమ్ మొత్తానికీ బీటిల్స్ ఒక్కరే మూలమని రాస్తే తప్పు. ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ నడకకు కాలిఫోర్నియా బ్యాండు బీచ్ బాయ్స్ ‘డోంట్ వర్రీ బేబీ’ ఆధారమని మెగ్విన్ చెప్పాడు. ఒకే పాటలో గిటారు లండన్ నుంచి, నడక కాలిఫోర్నియా నుంచి, వేళ్లు షికాగో బాంజో నుంచి వచ్చాయి.

మూడో మనిషి ఒక్కోసారి స్టూడియోలో కూర్చుని ఉంటాడు. పిక్సీస్ ‘సర్ఫర్ రోజా’ (1988), నిర్వాణ ‘ఇన్ యూటెరో’ (1993) రెండింటినీ రికార్డు చేసింది స్టీవ్ ఆల్బినీ. ఆ రెండు ఆల్బమ్‌ల మోతలో పోలిక వినిపిస్తే, బ్యాండు పేరు రాయకముందు ఇంజనీరు పేరు రాయండి.

9. కారణం ఎక్కడుందో చూడండి

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి 1965లో, 17 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, అందువల్ల తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ కరిగించి వేలితొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు శ్రుతిని మూడు అరస్వరాలు (మూడు ఫ్రెట్లంత) దించాడు. తీగ వదులైతే నొక్కడం సులువు. ఆ బరువైన, కిందికి జారిన మోత పుట్టుకలో నొప్పి ఉంది.

తర్వాత అదే బరువైన, నిదానమైన బాణీలో వచ్చిన డూమ్, స్టోనర్ బ్యాండ్ల గిటారిస్టులకు పది వేళ్లూ బాగానే ఉన్నాయి. అయినా శ్రుతి దించారు. మొదటివాడికి అవసరమైనది రెండోవాడు అవసరం లేకుండా చేస్తున్నాడంటే, అతను దాన్ని ఎక్కడో విని ఇష్టపడ్డాడని అర్థం. పోలికల్లో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే గుర్తు ఇది. ప్రతి గుణం పక్కనా రాసుకోండి: మొదటి బ్యాండు ఇలా ఎందుకు చేసింది? రెండో బ్యాండుకు ఆ కారణం ఉందా?

తేడాలకు కూడా ఇదే ప్రశ్న వేయాలి. మెగ్విన్ గిటారు తీసుకున్నాడు, వాయించే తీరు తీసుకోలేదు. బాంజో వేళ్లనూ కంప్రెసర్‌నూ కలిపాడు కాబట్టే హారిసన్‌కు అది కొత్తగా వినిపించి, తిరిగి తీసుకోవాలనిపించింది. ఉన్నదున్నట్టు తెచ్చి ఉంటే తిరిగి తీసుకోవడానికి అందులో ఏముంటుంది?

10. తీర్పు రాయడం

నాలుగు గళ్లూ నిండితే ‘తీసుకున్నారు’ అని రాయండి. దారి తప్ప మూడూ నిండితే ‘ప్రభావం ఉండొచ్చు’. మొదటి గడి ఒక్కటే నిండితే ‘పోలిక వినిపిస్తోంది’, అంతే. ‘కాపీ’ అనే మాట మా గదిలో వాడనివ్వను. అది దొంగతనం నేరం మోపే మాట. ఇక్కడ మనం వెతుకుతున్నది వినికిడి చరిత్ర.

ఆ ఇద్దరూ కలిసి రాసిన తీర్పు ఇదీ: “బర్డ్స్ 12 తీగల గిటారును బీటిల్స్ దగ్గర చూసి తీసుకున్నారు. వాయించే తీరు, స్టూడియో మోత వాళ్ల సొంతం. బీటిల్స్ ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’లో బర్డ్స్ రిఫ్ తీసుకున్నారు. సెర్చర్స్ ఇద్దరికంటే ముందు ఆ తరహా మోత వినిపించారు.” నాలుగు వాక్యాలకు ఏడు ఆదివారాలు పట్టింది.

కావలి అమ్మాయి ఇప్పుడు బర్డ్స్ 1966 పాట ‘ఎయిట్ మైల్స్ హై’ పట్టుకుంది. అందులో మెగ్విన్ జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్‌ను గిటారు మీద తేవాలని చూశాడు. సోలో మొదటి స్వరాలు కోల్ట్రేన్ ‘ఇండియా’ నుంచి వచ్చాయని తనే చెప్పాడు. టూరు బస్సులో వాళ్లు కోల్ట్రేన్‌ను, రవిశంకర్‌ను మళ్లీ మళ్లీ విన్నారు. కంప్రెసర్ వల్ల స్వరం ఊదినట్టు సాగుతుంది. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి, “సార్, ఇది నాదస్వరంలా ఉంది” అంది.

మొదటి గడిలో రాయమన్నాను. రాసింది. నాలుగో గడిలో కోల్ట్రేన్, రవిశంకర్ పేర్లు రాసి, నాదస్వరం ఎదురుగా ఖాళీ వదిలింది. వచ్చే ఆదివారం చినమౌలానా గారి రికార్డింగు ఒకటి తెస్తానంది, రెండూ పక్కపక్కన పెట్టి స్పెక్ట్రోగ్రామ్ చూడటానికి.